బిళ్ళ పగిలితే బేరం

1886 సెప్టెంబర్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో చాంబర్లిన్ కార్ట్రిడ్జ్ కంపెనీ ఒక తుపాకీ పోటీ పెట్టింది. దాని గురించి కనెక్టికట్ రాష్ట్రం మెరిడెన్ ఊరి పార్కర్ బ్రదర్స్ పత్రికల్లో ప్రకటన వేయించుకున్నారు. ఏ తరగతిలో మొదటి బహుమతి, ఏ తరగతిలో మూడోది అని వరసగా ఒక పట్టీ. చివర కూడిక: మొత్తం 1200 డాలర్ల బహుమతి సొమ్ములో 900 డాలర్లు పార్కర్ తుపాకీ పట్టినవాళ్ళే గెలుచుకున్నారు. ఆ ప్రకటన బలమంతా ఆ లెక్కలోనే ఉంది.

తుపాకీ అమ్ముకునేవాడు ఇలా లెక్కలు అచ్చువేయించడానికి కారణముంది. దుకాణంలో జోడు గొట్టాల తుపాకీని చేతిలోకి తీసుకున్నవాడికి వాల్‌నట్ చెక్క మడమ నునుపు కనిపిస్తుంది. ఉక్కు మీద చెక్కిన వేటకుక్కలు, పిట్టలు కనిపిస్తాయి. ఇనుమూ ఉక్కూ పేనిన డమాస్కస్ గొట్టం మీద అలల చారలు కనిపిస్తాయి. గొట్టం మూతి దగ్గర లోపలి కొలత ఎంత తగ్గిందో మాత్రం కనిపించదు. కీలు ఎంత ఒదిగి కూర్చుందో, అయిదువేల తూటాలు పేల్చాక అదే ఒదుగు ఉంటుందో లేదో అంతకన్నా కనిపించదు. తుపాకీ పనితనంలో అసలైన భాగమంతా ఈ కనిపించని చోట్లలోనే ఉంది. దాన్ని కొనేవాడి కంటికి చూపించాలంటే పదిమంది ముందు పేల్చి, లెక్క రాసి, అచ్చు వేయడం తప్ప మార్గం లేదు. 1870ల నుంచి 1920ల దాకా అమెరికా తుపాకీ తయారీదారులు ట్రాప్ పందేల వెంట, అంటే గాల్లోకి వదిలిన గురిని పేల్చే పోటీల వెంట, పడింది అందుకే. ప్రచారం కోసం దిగిన ఆ బరి మెల్లగా వాళ్ళ వస్తువునే తిరిగి చెక్కింది. నాకు ఆసక్తి కలిగించేది ఆ రెండో సంగతే.

ముందు బిళ్ళతో మొదలుపెట్టాలి. మొదట్లో ఈ పందేల్లో బతికున్న పావురాలను ట్రాప్ పెట్టెలో ఉంచి, తాడు లాగి వదిలేవారు. తర్వాత గాజు బంతులు వచ్చాయి. ఇల్లినాయి రాష్ట్రానికి చెందిన కెప్టెన్ ఆడమ్ బొగార్డస్ వాటిని విసిరే యంత్రానికీ, పైన గరుకు గీతలున్న బంతికీ 1877లో పేటెంట్లు తీసుకున్నాడు. నున్నటి గాజు మీద సీసపు గుళ్ళు జారిపోతాయి, గీతలుంటే పట్టి పగలగొడతాయి. చిన్న ఆలోచనే కానీ గుండు తగిలిందా లేదా అన్న తగవును అది తేల్చేసింది. 1878లో న్యూయార్క్‌లో అతను 500 నిమిషాలు దాటకుండా 5000 గాజు బంతులు పగలగొట్టి చూపించాడు.

1880లో సిన్సినాటి వాసి జార్జ్ లిగౌస్కీ కాల్చిన మట్టి బిళ్ళకు పేటెంటు పొందాడు. చూడడానికి దీపావళి ప్రమిదను బోర్లించినట్టుంటుంది. దాని రూపంలోని తెలివి గమనించాలి. అంచు మందం, నడుమ పలుచన. విసిరే చెయ్యి దాన్ని గిర్రున తిప్పి వదులుతుంది. బరువంతా అంచులో ఉండడం వల్ల ఆ తిరుగుడు చాలాసేపు నిలుస్తుంది, బిళ్ళ బొర్లిపడకుండా చదునుగా సాగుతుంది. పైభాగం ఉబ్బుగా ఉండడం వల్ల గాలి దాన్ని కాస్త ఎత్తి పట్టుకుంటుంది. గాజు బంతి పైకి లేచి కింద పడేది, అంతే. బిళ్ళ మాత్రం పిట్ట పోయే దారిలో పోతుంది. తొలి బిళ్ళలతో ఒక చిక్కు ఉండేది. బాగా కాలిన మట్టి గట్టిబడి, గుళ్ళు తగిలినా ఖంగున మోగి అలాగే పోయేది. తర్వాత తారు లాంటి పిచ్‌నూ సున్నపురాయి పొడినీ కలిపి అచ్చుపోయడం మొదలుపెట్టాక ఆ చిక్కు తీరింది. ఇల్లినాయిలోని పియోరియాకు చెందిన ఫ్రెడ్ కింబుల్ చేసిన 'పియోరియా బ్లాక్‌బర్డ్' ఆ బాటలో తొలి వాటిలో ఒకటి. ఈ మిశ్రమం విసిరే దెబ్బకు తట్టుకుంటుంది, రెండు మూడు గుళ్ళకు విరిగిపోతుంది. ఇంత సన్నని హద్దు మీద ఒక పదార్థాన్ని నిలబెట్టడం తేలిక పని కాదు.

ఆటలో తీర్పు ఒక్కటే. గురికాడు "పుల్" అని అరుస్తాడు, బిళ్ళ లేస్తుంది, అతను పేలుస్తాడు. కంటికి కనిపించే ముక్క ఒక్కటైనా ఊడితే లెక్కకు వస్తుంది. దుమ్ము లేచినంత మాత్రాన రాదు. తుపాకీ వ్యాపారికి ఇంతకన్నా కఠినమైన, ఇంతకన్నా పనికొచ్చే తీర్పరి ఎక్కడ దొరుకుతాడు?

ఇక గొట్టం లోపలికి వెళ్దాం. పన్నెండు బోరు తుపాకీ గొట్టం లోపలి అడ్డుకొలత సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. దాన్ని చివరి దాకా ఒకే కొలతలో తొలిస్తే, నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వృత్తం గీసి పేల్చినప్పుడు ఆ వృత్తంలో పడే గుళ్ళు నూటికి నలభై. మూతి దగ్గర రెండు మూడు అంగుళాల మేర మెల్లగా ఒక్క మిల్లీమీటరు సన్నబరిస్తే అవే గుళ్ళు నూటికి డెబ్భై దాకా పడతాయి. దీన్నే చోక్ అంటారు. వేగంగా వచ్చే గుళ్ళ ముద్దలో అంచున ఉన్నవి ఆ వాలుకు తగిలి లోపలికి నెట్టబడతాయి. ముద్ద కాస్త పొడుగవుతుంది, మూతి దాటాక తొందరగా విచ్చుకోదు. మరీ సన్నబరిస్తే గుళ్ళు ఒకదాన్నొకటి నలిపి వంకర పోతాయి, ఫలితం తలకిందులవుతుంది.

నూటికి నలభై, నూటికి డెబ్భై అన్నవి బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతాయో లెక్కవేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకటింపావు ఔన్సు ఎనిమిదో నంబరు సీసపు గుళ్ళు అంటే దాదాపు 510 గుళ్ళు. డెబ్భై శాతమైతే వృత్తంలో 357, నలభై శాతమైతే 204. బిళ్ళ అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు, ఎత్తు పాతిక మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఎదురుగా దూరమయ్యే బిళ్ళ గురికాడికి పళ్ళెంలా కనిపించదు, అంచు మాత్రమే కనిపిస్తుంది. ఆ అంచు విస్తీర్ణాన్ని వృత్తం విస్తీర్ణంతో భాగిస్తే, డెబ్భై శాతం గొట్టంతో బిళ్ళకు సగటున రెండు గుళ్ళు తగులుతాయి, నలభై శాతం గొట్టంతో ఒకటి. అదీ సగటు మాత్రమే. గుళ్ళు ఎప్పుడూ సమంగా పరుచుకోవు, అక్కడక్కడా ఖాళీలుంటాయి. సగటు ఒకటే అయిన చోట బిళ్ళ ఖాళీలోంచి జారుకునే అవకాశం చాలా ఎక్కువ. పందెం గెలవడానికీ ఓడడానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క మిల్లీమీటరు వాలు.

ఈ చోక్ ఎవరి సొత్తు అన్న తగవు ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ ఊరి పేప్ 1866లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో సిల్వెస్టర్ రోపర్ 1868లో, మూతికి బిగించే ముక్క రూపంలో తీసుకున్నాడు. ఫ్రెడ్ కింబుల్ తనే ముందన్నాడు. దాన్ని అందరూ నమ్మేలా చేసినవాడు మాత్రం బర్మింగ్‌హామ్ తయారీదారు విలియం వెలింగ్టన్ గ్రీనర్. 1875లో లండన్‌లో 'ది ఫీల్డ్' పత్రిక పెట్టిన పరీక్షలో అతని చోక్ గొట్టాలు మామూలు గొట్టాలను చిత్తు చేశాయి. అంతటితో ఆగలేదు గ్రీనర్. ఆ ఫలితాలను తన ప్రకటనల్లో, తన పుస్తకాల్లో ఏళ్ళ తరబడి వాడుకున్నాడు. పేటెంటు పేప్‌ది, పేరు గ్రీనర్‌ది. కొలిచి చూపించినవాడికే పేరు దక్కింది. ఇది న్యాయమా అంటే చెప్పలేను, కానీ ఆ తర్వాతి యాభై ఏళ్ళ తుపాకీ వ్యాపారం ఈ ఒక్క పాఠం మీదే నడిచింది.

చోక్ తొలిచే పని గురించి రెండు మాటలు. పనివాడు సీసపు దిమ్మకు కురుందం పొడి పట్టించి, కడ్డీ చివర బిగించి, గొట్టంలో ముందుకూ వెనక్కూ లాగుతాడు. వెలుతురు వైపు పెట్టి లోపలి నీడల వలయాలు చూస్తాడు. తర్వాత బయటికి తీసుకెళ్ళి సున్నం పూసిన ఇనుప పలక మీద పేలుస్తాడు. మచ్చలు లెక్కపెడతాడు, మళ్ళీ సున్నం పూస్తాడు, మళ్ళీ వచ్చి కాస్త లాగుతాడు. తీసేయడమే తప్ప తిరిగి అతికించడం లేని పని ఇది. ఒక్క లాగుడు ఎక్కువైతే చోక్ పోయినట్టే. కొన్ని కంపెనీలు తమ తుపాకీకి ఒక చీటీ కట్టి, ఇన్ని గుళ్ళకు ఇన్ని వృత్తంలో పడ్డాయని దాని మీద రాసి అమ్మేవి. బరిలో చూపించిన లెక్కకు అది కొనేవాడి చేతికిచ్చే నకలు.

రెండో కనిపించని చోటు కీలు. జోడు గొట్టాల తుపాకీని నడుమ విరిచి తూటాలు పెడతాం. గొట్టాలు ముందున్న కీలు మేకు మీద కిందికి వంగుతాయి, మూసినప్పుడు వాటి వెనక మొహం నిలువు ఉక్కు గోడకు ఆనుకుంటుంది. పేలినప్పుడు తూటా వెనక్కి ఆ గోడను తన్నుతుంది, గొట్టాలు ముందుకు లాగబడి మళ్ళీ తెరుచుకోవాలని చూస్తాయి. వేటగాడు ఒక రోజులో రెండు డజన్ల తూటాలు పేలిస్తే గొప్ప. ట్రాప్ గురికాడు ఒక్క పోటీలోనే వందలు పేలుస్తాడు. వేట తుపాకీలో ఇరవై ఏళ్ళకు వచ్చే అరుగుదల ట్రాప్ తుపాకీలో రెండేళ్ళకే వస్తుంది. గొట్టానికీ గోడకూ మధ్య కాగితం దూరేంత సందు వచ్చిందంటే తుపాకీ వదులైందని పదిమందికీ తెలిసిపోతుంది. పోటీల మైదానంలో వదులైన తుపాకీ ఆ కంపెనీకి నడిచే అపకీర్తి.

ఈ ఒక్క సమస్యకు తయారీదారులు వెతికిన జవాబులు చూస్తుంటే నాకు మనసు నిండిపోతుంది. గ్రీనర్ గొట్టాల పైపట్టీని వెనక్కి పొడిగించి, దానికి గుండ్రని రంధ్రం పెట్టి, పక్కనుంచి ఉక్కు కడ్డీ దూరేలా చేశాడు. కింద రెండు గాట్లలో పట్టు, పైన ఈ అడ్డకడ్డీ, మొత్తం మూడు తాళాలు. సిరక్యూస్ నగరంలో ఎల్.సి. స్మిత్ కంపెనీకి అలెగ్జాండర్ బ్రౌన్ రూపొందించిన పద్ధతి వేరు. పైపట్టీ పొడిగింపులోకి ఒక బోల్టు తిరుగుతూ వచ్చి కొరికి పట్టుకుంటుంది. ఆ కొరికే అంచు వాలుగా ఉంటుంది. అరుగుదల వస్తే బోల్టు ఇంకొంచెం ముందుకు తిరుగుతుంది, పట్టు మాత్రం అలాగే ఉంటుంది. కొత్త తుపాకీలో పైమీట నడుమ గీతకు కాస్త కుడివైపు ఆగుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ నడుమకు జరుగుతుంది. ఆ మీట ఎక్కడ ఆగిందో చూసి తుపాకీ ఎంత పని చేసిందో తెలిసినవాళ్ళు చెప్పేస్తారు. ఈ బ్రౌన్ తర్వాత టైపురైటర్ చేశాడు. కంపెనీ యజమాని లైమన్ స్మిత్ దాని మీద మనసుపడి 1889 ప్రాంతంలో తుపాకీ వ్యాపారాన్ని ఫుల్టన్ ఊరి హంటర్ సోదరులకు అమ్మేశాడు. స్మిత్-కరోనా టైపురైటర్ పేరులో ఉన్న స్మిత్ ఈ కుటుంబమే.

అదే సిరక్యూస్‌లో డాన్ లెఫీవర్ ఉండేవాడు. అతని జవాబు అన్నిటికన్నా సూటిగా ఉంటుంది. అందరూ వెనక తాళం గురించి ఆలోచిస్తుంటే అతను ముందున్న కీలునే మార్చాడు. అడ్డంగా పోయే మేకు తీసేసి, కొన బంతిలా గుండ్రంగా ఉన్న ఒక మరను ముందునుంచి బిగించాడు. గొట్టం అడుగున ఉన్న గుంట ఆ బంతి మీద తిరుగుతుంది. అరుగుదల వస్తే తుపాకీని ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళనక్కర్లేదు. స్క్రూడ్రైవర్‌తో మరను కొద్దిగా తిప్పితే బంతి గొట్టాలను వెనక్కి నెట్టి మళ్ళీ గోడకు ఆనిస్తుంది. అరుగుతుందని ముందే ఒప్పుకుని, దానికి మందు యజమాని చేతికే ఇచ్చిన రూపకల్పన ఇది. పార్కర్ వాళ్ళది దీనికి పూర్తిగా ఎదురు దారి. కింద ఒకే ఒక్క బోల్టు, వాలు అంచుతో. ఉన్న ఒక్కదాన్నే తప్పులేకుండా ఒదిగించడం మీద వాళ్ళ నమ్మకం. 1910లో దానికి మార్చుకోగల చిన్న ఉక్కు పలక చేర్చారు. ఫిలడెల్ఫియాలో ఆన్స్‌లీ ఫాక్స్ కూడా తిరిగే బోల్టే వాడాడు, పేల్చే యంత్రాంగాన్ని మాత్రం కొద్ది భాగాలకు కుదించాడు. హ్యామర్, కొట్టే ముల్లు ఒకే ముక్క, రేకు స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు. ముక్కలు ఎంత తక్కువైతే విరిగేవి అంత తక్కువ. ఫాక్స్ స్వయంగా పోటీల్లో పేరున్న గురికాడు. పోటీ మధ్యలో తుపాకీ మొరాయిస్తే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏ పద్ధతైనా చివరికి ఒదిగించేది మనిషి చెయ్యే. పనివాడు గోడ మీద కిరసనాయిలు దీపపు మసి పట్టిస్తాడు. గొట్టాలు మూసి తెరుస్తాడు. మసి అంటుకున్న చోట ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ ఆకురాయితో ఒక్క గీటు. మళ్ళీ మసి, మళ్ళీ మూత. మొహమంతా సమంగా మసి అంటేదాకా ఇదే పని. తుపాకీ మూసినప్పుడు వచ్చే మెత్తని మందపాటి చప్పుడు ఆ మసి పని ఫలితమే.

ఇంత పనితనాన్ని జనం ముందుకు తీసుకెళ్ళినవాళ్ళు గురికాళ్ళు. 1883లో లిగౌస్కీ కంపెనీ తన మట్టి బిళ్ళల ప్రచారానికి బొగార్డస్‌నూ డాక్ కార్వర్‌నూ ఎదురెదురుగా నిలబెట్టి ఊరూరా 25 పందేలు ఆడించింది. పంతొమ్మిదింట్లో కార్వర్ గెలిచాడు. కార్వర్ చేతిలో ఉన్నది గ్రీనర్, బొగార్డస్ వాడింది డబ్ల్యూ అండ్ సి స్కాట్. రెండూ బర్మింగ్‌హామ్‌వే. అమెరికన్ బిళ్ళలు అమ్మడానికి పెట్టిన పందేల్లో లాభం బర్మింగ్‌హామ్ గ్రీనర్‌కూ చేరింది. అమెరికా తయారీదారులు ఇది చూసి ఊరుకోలేదు. 1890ల తొలి ఏళ్ళలో తయారీదారులు, డీలర్లు కలిసి ఇంటర్‌స్టేట్ అసోసియేషన్ పెట్టుకుని, గ్రాండ్ అమెరికన్ హ్యాండీక్యాప్ పోటీని నడిపారు. 1893లో లాంగ్ ఐలాండ్‌లోని డెక్స్‌టర్ పార్కులో మొదటి పోటీకి వచ్చినవాళ్ళు 21 మంది. అప్పుడింకా పావురాలే. బిళ్ళలతో మొదటి గ్రాండ్ అమెరికన్ 1900లో జరిగింది. ఒహాయో రాష్ట్రం డేటన్‌కు చెందిన రోలా హైక్స్ 100కి 91 పగలగొట్టి గెలిచాడు.

ఆ పోటీ నియమం తయారీదారులకు కలిసొచ్చింది. నేర్పు ఎక్కువున్నవాణ్ణి వెనక్కి జరిపి నిలబెడతారు. మామూలు దూరం 16 గజాలైతే హైక్స్ 22 గజాల నుంచి పేల్చాడు. ఆరు గజాలు వెనక్కి వెళ్తే గుళ్ళు అంత ఎక్కువ విచ్చుకుంటాయి, గొట్టం చోక్ అంత గట్టిగా పని చేయాలి. మనిషికి వేసిన శిక్ష తుపాకీకి పరీక్ష అయింది. "ఇరవై రెండు గజాల నుంచి" అన్న మాట ప్రకటనలో ఉంటే, చదివినవాడికి గొట్టం గొప్పతనం వేరే చెప్పాల్సిన పని లేదు.

గెలిచినవాడు చాలాసార్లు ఏదో ఒక కంపెనీ జీతగాడై ఉండేవాడు. ఐయోవాలోని స్పిరిట్ లేక్ నుంచి వచ్చిన ఫ్రెడ్ గిల్బర్ట్ డ్యూపాంట్ తుపాకిమందు కంపెనీ ప్రతినిధి, చేతిలో పార్కర్. గురికి పేరుపడ్డ ఆనీ ఓక్లీ భర్త ఫ్రాంక్ బట్లర్ యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీ మనిషి. టాపర్‌వైన్ దంపతులు వించెస్టర్ తరఫున ఊళ్ళు తిరిగారు. వారిలో భార్య ప్లింకీ ఒకే రోజు 2000 బిళ్ళల్లో 1952 పగలగొట్టింది. తుపాకీ ఒకరిది, తూటా ఇంకొకరిది, మందు మరొకరిది. అందుకని ఒక్క గెలుపు వారం తిరక్కుండా పత్రికలో మూడు ప్రకటనలుగా కనిపించేది. ముగ్గురూ తమ వల్లే గెలిచాడనేవారు. గెలిచినవాడి పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. ఓడినవాళ్ళలో ఎంతమంది అదే తుపాకీ పట్టారో ఏ ప్రకటనా చెప్పలేదు. వందమందిలో అరవైమందికి మీ తుపాకీ ఉంటే బహుమతుల్లో సగం మీకు రావడం గొప్ప కాదు. ఈ గారడీని పాఠకులు పట్టుకోలేదని నేననుకోను. పత్రికలు పోటీల స్కోర్లన్నీ అచ్చువేసేవి, ఆసక్తి ఉన్నవాడు తనే లెక్క చూసుకునేవాడు. మెల్లగా జీతగాళ్ళను బహుమతి సొమ్ము నుంచి తప్పించే నియమం తెచ్చారు. కంపెనీలకు అదీ మేలే చేసింది. తన పని తను చేసుకునే మామూలు గురికాడు గెలిచి, అతని చేతిలో తమ తుపాకీ ఉంటే ఆ గెలుపు మాట మరింత నమ్మదగ్గది.

1901లో అమెరికన్ జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. ఇంగ్లిషువాళ్ళు ఒక్కో బిళ్ళకు రెండు గొట్టాలూ పేల్చవచ్చు, అమెరికన్లు ఒక్క గొట్టమే. అయినా అమెరికన్లే గెలిచారు. రెండో గొట్టం అవసరమే లేదన్న సంగతి అందరికీ కళ్ళకు కట్టింది. కొన్నేళ్ళకు తయారీదారులు ఆ ఆలోచనను ఉక్కులోకి దించారు. 1914లో ఇథాకా గన్ కంపెనీ ట్రాప్ కోసమే ఒంటి గొట్టం తుపాకీ తెచ్చింది. తర్వాతి అయిదారేళ్ళలో ఎల్.సి. స్మిత్, పార్కర్, ఫాక్స్ అదే దారి పట్టారు.

ఆ తుపాకీని ముక్క ముక్కగా చూస్తే ఆట నియమాలు అందులో చదువుకోవచ్చు. గొట్టం ఒకటే, ముప్పై నుంచి ముప్పై నాలుగు అంగుళాల పొడవు, గట్టి చోక్. గొట్టం పైన గురిపట్టీ గొట్టానికి అంటుకుని ఉండదు. చిన్న స్తంభాల మీద వంతెనలా నిలబడి ఉంటుంది. వరసగా పేలుస్తుంటే గొట్టం కాలి, పైన వేడిగాలి ఎండమావిలా ఆడుతుంది. పట్టీ కింద ఖాళీ ఉంటే ఆ వేడి పక్కలకు పోతుంది, గురి చెదరదు. మడమ పైఅంచు ఎత్తుగా ఉంటుంది. దాని వల్ల గుళ్ళు గురిచూసిన చోటుకు కాస్త పైన పడతాయి. బిళ్ళ ఎప్పుడూ పైకి లేస్తూనే ఉంటుంది కాబట్టి గురికాడు దాన్ని గొట్టంతో కప్పేయకుండా, పట్టీ మీద నిలబెట్టి చూస్తూ పేల్చవచ్చు. సేఫ్టీ మీట చాలా వాటికి లేదు. తన వంతు వచ్చి చోటులో నిలబడ్డాకే తూటా పెడతాడు కాబట్టి అక్కడ అది అడ్డమే. చివర మడమకు మెత్తటి రబ్బరు. వేట మైదానంలో ఈ తుపాకీ దండగ. పిట్ట అటూ ఇటూ తిరిగితే, కిందికి దిగితే, రెండోది లేస్తే చేతులెత్తేస్తుంది. ఒకే ఒక్క పనికి తయారైన పనిముట్టు, ఆ పనిలో దానికి సాటి లేదు. దీని మీద చెక్కుడు పని పోనీలే అనుకున్నారా అంటే అదీ లేదు. బ్యాండు సంగీతకర్త జాన్ ఫిలిప్ సూసా ట్రాప్ పిచ్చివాడు, గురికాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ఇథాకా తన అత్యున్నత శ్రేణి తుపాకీకి అతని పేరే పెట్టుకుంది, దాని మీద బంగారం పొదిగింది.

ఇన్నేళ్ళు బరిని పెంచి పోషించిన జోడు గొట్టాల తయారీదారులకు అదే బరి దెబ్బ కొట్టింది. రోలా హైక్స్ వించెస్టర్ మనిషి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1897 పంప్ తుపాకీలో ముందుచెక్కను వెనక్కి లాగితే ఖాళీ తూటా ఎగిరిపోతుంది, ముందుకు తోస్తే కింది గొట్టంలోంచి కొత్తది ఎక్కుతుంది. కీలూ లేదు, మసి పట్టించి ఒదిగించాల్సిన మొహమూ లేదు. మొదట్లో ధర 25 డాలర్లు. చెక్కుడు పనున్న పార్కర్ దానికి ఎన్నో రెట్లు. 1912లో హ్యామర్ లోపలికి దాగిన మోడల్ 12 వచ్చాక మైదానాలు వాటితో నిండిపోయాయి. బిళ్ళకు నగిషీ కనిపించదు. జోడు గొట్టాలవాళ్ళు ముప్పై ఏళ్ళపాటు జనానికి నేర్పింది ఆ మాటే కదా, ఇక ఎవరిని తప్పుపట్టగలరు? లెఫీవర్ కంపెనీని 1916లో ఇథాకా కొనేసింది. పార్కర్ 1934లో రెమింగ్టన్ చేతికి వెళ్ళింది. హంటర్ సోదరుల కంపెనీ 1945లో మార్లిన్‌కు దక్కింది.

ఆట మాత్రం పెద్దదై ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. మన హైదరాబాద్ గురికాడు కినన్ చెనాయ్ 2016లో రియోకు వెళ్ళాడు, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చాడు. అతని ముందు లేచిన బిళ్ళ లిగౌస్కీ బిళ్ళ వంశంలోదే.

ఇథాకా 1948లో జోడు గొట్టాల తుపాకుల తయారీ ఆపేసింది. ట్రాప్ కోసం తెచ్చిన ఒంటి గొట్టం తుపాకీని మాత్రం ఆర్డరు ఇచ్చినవాళ్ళకు 1980ల దాకా చేస్తూనే ఉంది.